జజ్గీ సంచీ

మన ఇళ్ళల్లో ఎనిమిదో నెల పడిందంటే జజ్గీ సంచీ సర్దడం మొదలవుతుంది. మెత్తబడిన పాత నూలు చీరల్ని చింపి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసిన గుడ్డలు. బిడ్డకు కుల్లాయి. చిన్న దులాయీ. వేడినీళ్ళకు ఫ్లాస్కు. అజ్వాయిన్ పొట్లం. దిండు కింద పెట్టడానికి ఎవరో దువా చదివి ఇచ్చిన తావీజు. వీటి మధ్యలో కొన్నేళ్ళుగా ఒక పాల సీసా, ఒక పొడిపాల డబ్బా కూడా చేరుతున్నాయి. పెట్టమని ఎవరూ చెప్పరు, వద్దని ఎవరూ అనరు. "ఎందుకైనా మంచిది" అని అడుగున సర్దేస్తారు. అట్లా సర్దిన డబ్బా మూత తెరవకుండా ఇంటికి తిరిగొచ్చిందంటే వింతే.

పేపరు ఉద్యోగం కాబట్టి నాకు లెక్కలు వెతికే అలవాటు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో జరిగింది. దేశంలో 88.6 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయని అందులో ఉంది. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు మాత్రం 41.8 శాతమే. ఇంట్లో మంత్రసాని చేతుల మీద పుట్టిన కాలంలో అయితే తెలియక జరిగిందనుకోవచ్చు. ఇప్పుడు డాక్టరమ్మ ఉంది, సిస్టరమ్మ ఉంది, గోడకు తల్లిపాల పోస్టరు కూడా ఉంది. మరి ఆ గంటలో తల్లికీ బిడ్డకూ మధ్య ఎవరొస్తున్నారు? ఆంధ్రప్రదేశ్‌లో అదే సర్వే ప్రకారం నూటికి 42.4 కాన్పులు ఆపరేషన్లే. తల్లి ఒక గదిలో, బిడ్డ ఒక గదిలో ఉండటానికి అదొక సాకు. మిగతా సాకులు మనమే ఇంటినుంచి మోసుకెళ్తాం. షహద్ సీసా, జనమ్ ఘుట్టీ, చక్కెర నీళ్ళు, డబ్బా.

ఉర్దూ మీడియం బడిలో మాకు ఖీస్ అనే మాట ఉండేది. ఈనిన బర్రె మొదటి పాలు. కాలేజీలో తెలుగు చదివేటప్పుడు ముర్రుపాలు అనే మాట చూసి, ఇదీ అదీ ఒకటేనని తెలుసుకొని సంబరపడ్డాను. మా వీధిలో బర్రె ఈనిందంటే జున్నుపాల కోసం గిన్నెలు పట్టుకొని పోయేవాళ్ళం. బెల్లం, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికించిన జున్ను ముక్క కోసం పిల్లలం కొట్టుకునేవాళ్ళం. అదే వీధిలో ఆడమనిషికి కాన్పయితే మొదటొచ్చే పచ్చటి చిక్కటి పాలను "తొమ్మిది నెలలు నిలవున్న పాలు, బిడ్డకు హజం కావు" అని గుడ్డలోకి పిండేసేవాళ్ళు. మా భాయిజాన్ పుట్టినప్పుడు అమ్మీ చేత మూడు రోజులు అట్లే పిండించారంట. ఆ మూడు రోజులు ఆయనకు తేనె, దూది ఒత్తితో ఆవుపాలు. బర్రె ముర్రు మనకు నేమత్, బిడ్డను కన్న తల్లి ముర్రు మనకు గలీజు. ఈ లెక్క ఎవరు పెట్టారో కానీ చానా ఇళ్ళల్లో నడిచింది.

ఇంకో మాట కూడా నడిచేది, ఇన్ని అజాన్లు అయ్యేదాకా బిడ్డ నోటికి పాలు తగలగూడదని. పాతకాలం సంగతేమీ కాదిది. 2016 నవంబరులో కేరళ కోజికోడ్ జిల్లా ముక్కంలో ఒక తండ్రి ఐదు అజాన్లు అయ్యేదాకా బిడ్డకు పాలివ్వనీయలేదు. ఆస్పత్రివాళ్ళు చెప్పినా వినలేదు. పోలీసు కేసయింది. ఆ వార్త మా డెస్కు మీదికొచ్చిన రోజు తోటి ఉద్యోగులు నావైపు చూసిన చూపు నాకింకా గుర్తే. "మీలో ఇట్లా ఉందా?" అని. దీన్‌లో లేదు. అజాన్ బిడ్డ చెవిలో చెప్పడానికి, కడుపు మాడ్చడానికి కాదు. సూరా ఖసస్ చదివినవాళ్ళకు తెలుసు, మూసా అలైహిస్సలాం తల్లికి అల్లాహ్ ఇచ్చిన హుకుంలో మొదటిది బిడ్డకు పాలివ్వమని. నదిలో వదలడం ఆ తర్వాత సంగతి. ఫిరౌన్ మనుషులు మగబిడ్డల్ని చంపుతున్న వేళలో కూడా ముందు పాలే.

పోయినేడు మామిడి కాపు టైములో మా ఆపా కూతురికి తొలి కాన్పు. ససురాల్ ప్రొద్దుటూరు. మాయ్కా మా బనగానపల్లె. కాన్పు నంద్యాల్లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో అనుకున్నారు. పాణ్యం మీదుగా గంట దారి. మా భాంజీ బీకాం చదివింది, ఫోన్లో చూసి నాకే పాఠాలు చెప్తుంది. అయినా కుట్లతో మంచం మీద పడుకున్న పిల్ల మాట ఆస్పత్రిలో చెల్లదు. అక్కడ చెల్లేది దాదీ మాట, నానీ మాట, ఆయా మాట. అందుకని సంచీ కంటే ముందు వీళ్ళను తయారు చెయ్యాలనుకున్నాను.

తొమ్మిదో నెల చెకప్‌కు నేనూ పోయినా. ప్రశ్నలన్నీ భాంజీ చేతే అడిగించినా. ఆపరేషనే అయితే బిడ్డను ఎంతసేపట్లో నా దగ్గర పెడతారు? రాత్రి బిడ్డ నా పక్కనే ఉంటుందా, నర్సరీలో ఉంటుందా? మమ్మల్ని అడక్కుండా డబ్బాపాలు పడతారా? డాక్టరమ్మ కళ్ళజోడు తీసి మమ్మల్ని ఒకసారి చూసింది. "రాసివ్వండి, కేస్ షీటులో పెడతాను" అంది. నడుముకు మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్లో తల్లికి తెలివి ఉంటుందనీ, బిడ్డ బాగుంటే గుండెల మీద పడుకోబెట్టి పాలు పట్టించొచ్చనీ, కుట్లకు తగలకుండా బిడ్డను చంక కిందినుంచి పట్టుకోవచ్చనీ చెప్పింది. ఇవన్నీ వాళ్ళకు తెలిసిన సంగతులే. అడిగేవాళ్ళు లేకపోతే హడావిడిలో జారిపోతాయి.

ఇంటికొచ్చి సంచీ విప్పించినా. సీసా, డబ్బా బయటికి తీసినా. ఆపాకు కోపమొచ్చింది.

"పాలు పడకపోతే? అర్ధరాత్రి నంద్యాల్లో యాడ తిరగమంటావ్?"

"ఆస్పత్రి కిందనే మెడికల్ షాపుంది ఆపా. డాక్టరు రాస్తే తెచ్చుకుందాం."

"నువ్వు పేపర్లో రాసేదానివి, నీకన్నీ తేలిగ్గానే ఉంటాయి."

అమ్మీ ఏమీ అనకుండా అల్మారా తెరిచి ఉగ్గుగిన్నె తీసింది. అరచేతిలో పట్టే వెండి గిన్నె, ముందుకు సాగిన ముక్కు. మా అందరికీ ఉగ్గు పట్టింది దాంతోనే. ఇట్లాంటి గిన్నెల్నే ఇప్పుడు స్టీలులో చేసి, పాలాడ అని పిలుస్తూ, నెలలు నిండని పిల్లల వార్డుల్లో వాడుతున్నారు. సీసా పీక రుచి మరిగిన బిడ్డ ఒక్కోసారి రొమ్ము సరిగా పట్టుకోదు. పైగా సీసాను, పీకను శుభ్రంగా కడగడం ఆస్పత్రి కుళాయి దగ్గర అయ్యే పని కాదు. గిన్నెనైతే మరిగే నీళ్ళల్లో వేసి తీస్తే చాలు. డబ్బా పోయిన చోట ఉగ్గుగిన్నె చేరింది.

ఇక షహద్. సమ్ధన్ ప్రొద్దుటూరు నుంచి ఫోన్ చేసి, అడవి తేనె తెప్పించి పెట్టినానని, తహ్నీక్‌కు అదే అని చెప్పింది. ఇక్కడ "వద్దు" అంటే చాలదు. ఆమె సున్నత్ చెయ్యాలనుకుంటోంది, అది మంచి నియ్యత్. హదీసుల్లో ఉన్నది ఖజూర్. హజ్రత్ అస్మా తన కొడుకు అబ్దుల్లా బిన్ జుబైర్‌ను హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం ఒడిలో పెడితే, ఆయన ఖజూర్ నమిలి బిడ్డ అంగిలికి రాశారు. తేనెలో ఒక రకం క్రిమి బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ళ కడుపులో అవి ఏమీ చెయ్యవు. ఏడాది లోపు పిల్లల పేగుల్లో మాత్రం పెరిగి విషం పుట్టిస్తాయి, ఒళ్ళు చచ్చుబడిపోతుంది. అందుకే ఏడాది నిండేదాకా తేనె వద్దంటారు పిల్లల డాక్టర్లు. ఈ రెండు మాటలూ కలిపి అమ్మీ ఆమెకు ఫోన్లో చెప్పింది. నేను చెప్పుంటే వినేది కాదు. డాక్టరమ్మ అయితే తల్లిపాలు తప్ప ఇంకేదీ వద్దనే అంది. మేం అడిగి అడిగి ఒప్పించింది ఇంతే: ముందు తల్లి రొమ్ము, తర్వాత కడిగిన వేలి కొసన నానబెట్టిన ఖజూర్ తడి. పిప్పి ఉండగూడదు.

ఆపరేషనే అయింది. ఆడబిడ్డ. రెండు కిలోల ఎనిమిది వందలు. తండ్రి చెవిలో అజాన్ చెప్పినాడు, గొంతు వణికింది. కేస్ షీటులో కాగితం ఉన్నందుకో ఏమో, ముక్కాలు గంటకే బిడ్డను తల్లి గుండెల మీద పెట్టినారు. ఒళ్ళు ఒంటికి తగలాలని గుడ్డలు విప్పి. బిడ్డ తల అటూ ఇటూ ఆడించి, ముక్కుతో వెతికి, పట్టుకుంది. ఎవరూ నేర్పలేదు. ఆపా ఆ తెర వెనక నిలబడి ఏడ్చింది.

మొదటి రోజు బిడ్డ నిద్రే నిద్ర. అసలు పరీక్ష రెండో రాత్రి. ఇది తొలిచూలు తల్లులందరికీ ముందే చెప్పాల్సిన సంగతి. రెండో రాత్రి బిడ్డ ఏడుస్తుంది, గంట గంటకూ రొమ్ము అడుగుతుంది, వదిలితే మళ్ళీ ఏడుస్తుంది. రొమ్ములు మెత్తగానే ఉంటాయి. పాలు దండిగా పడేది రెండు నుంచి నాలుగు రోజుల మధ్య, ఆపరేషన్ అయినవాళ్ళకు ఇంకాస్త ఆలస్యం కావచ్చు. అప్పటిదాకా వచ్చేది ముర్రే, చెంచాల లెక్కన. మొదటి రోజు బిడ్డ కడుపుకు విడతకు ఒక చెంచాడు, 5 నుంచి 7 మిల్లీలీటర్లు చాలు. చూసేవాళ్ళకు మాత్రం "పాలు లేవు, బిడ్డ పస్తుంది" అనిపిస్తుంది. వార్డంతా అదే మాట అంటుంది.

రాత్రి పదకొండుకు ఆయా ఒక చీటీ మా దామాద్ చేతిలో పెట్టింది. డాక్టరు సంతకం లేదు. డబ్బా పేరు మాత్రం ఉంది. ఆ పిల్లోడు భార్య ఏడుపు, బిడ్డ ఏడుపు వినలేక పరిగెత్తి కొనుక్కొచ్చినాడు. మగాళ్ళను నేను తప్పు పట్టను. ఆస్పత్రిలో వాళ్ళకు మనం ఇచ్చే పని మూడే: అజాన్ చెప్పడం, బిల్లు కట్టడం, మెడికల్ షాపుకు పోవడం.

"ఒక్కసారికి పడదాం" అంది సమ్ధన్. ఆమె కళ్ళల్లో కూడా నీళ్ళు. "నా పోతి ఇట్లా గొంతు పోయేట్టు ఏడుస్తాంటే ఎట్లా చూసేది?"

పక్క మంచంలో కోవెలకుంట్ల పక్క పల్లె నుంచి వచ్చిన అమ్మాయి, మూడో కాన్పు, పాలు కారి జాకెట్ తడిసిపోతోంది. "ఇటియ్యండి పెద్దమ్మా, నేను పడతా" అని చేతులు చాచింది. సమ్ధన్ బిడ్డను ఎత్తుకొని లేచి, ఆగిపోయింది. ఆమె ఆగింది మజహబ్ గురించి కాదు. రిజాఅత్ గురించి. మన హనఫీ మస్లక్‌లో ఒక్క గుటక లోపలికి పోయినా ఆ తల్లి దూద్ మా, ఆమె పిల్లలు దూద్ షరీక్ అన్నాచెల్లెళ్ళు. రేపు నిఖా వేళ చిక్కు. అంత ఏడుపులో మా అమ్మీ అంది: "అరే, వాళ్ళతో మనకు నిఖా ఎటూ కాదు గదా, ఇంక రిష్తా భయమేంది?" ఆ అమ్మాయితో సహా అందరం నవ్వినాం. కుట్లు నొప్పని కడుపు పట్టుకొని భాంజీ కూడా నవ్వింది. ఆ నవ్వే ఆ రాత్రిని సగం మార్చింది అనుకుంటా. అయితే రాత్రి డ్యూటీ సిస్టరమ్మ ఒప్పుకోలేదు. పరీక్షలు చెయ్యకుండా ఒకరి పాలు ఇంకొకరి బిడ్డకు పట్టగూడదని, జబ్బులు వచ్చే వీలుందని చెప్పింది. "గిన్నె ఏమన్నా తెచ్చుకున్నారా?" అనడిగింది.

ఆమె నేర్పిన పని ప్రతి నానీ, ప్రతి దాదీ నేర్చుకోవాలి. చేతులు కడుక్కొని, రొమ్ము చివర నల్లటి భాగానికి కాస్త వెనక బొటనవేలు పైన, చూపుడువేలు కింద పెట్టాలి. ముందు ఛాతీ వైపు నొక్కాలి, తర్వాత రెండు వేళ్ళూ దగ్గరికి తెచ్చి వదలాలి. మొనను పట్టి లాగితే నొప్పే గాని పాలు రావు. రెండు నిమిషాలు ఏమీ రాలేదు. తర్వాత ఒక బొట్టు, తేనె రంగులో. ఇంకోటి. పది నిమిషాలకు ఉగ్గుగిన్నె అడుగు కప్పుకుంది. చెంచాడు కంటే కాస్త ఎక్కువ. సమ్ధన్ వంగి చూసి "షహద్ మాదిరే ఉందే" అంది. బిడ్డను కాస్త కూర్చున్నట్టు పట్టుకొని, గిన్నె ముక్కు పెదవికి ఆనిస్తే నాలుకతో తనే తీసుకుంది. పొయ్యగూడదు, బిడ్డే తీసుకోవాలి. గిన్నె పట్టుకున్నది సమ్ధనే. కావాలనే ఆమె చేతికిచ్చినాం.

డబ్బా ఎందుకంత మోసం చేస్తుందంటే, ముప్పై మిల్లీలీటర్లు తాగిన బిడ్డ మూడు గంటలు కదలదు. చూశారా, కడుపు నిండింది అంటారు. ఆ మూడు గంటలు రొమ్ము దగ్గర ఎవరూ అడగలేదు. అడగని రొమ్ము తయారు చెయ్యదు. మా జుర్రేరు ఎండినప్పుడు ఇసకలో చెలమ తీస్తాం. తోడితే ఊరుతుంది. వదిలేస్తే పూడిపోతుంది. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు బిడ్డను రొమ్ముకు వెయ్యమనేది అందుకే.

మూడో రోజు తూకం రెండు కిలోల ఆరు వందల ఇరవై. మళ్ళీ కంగారు. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంత తగ్గడం మామూలే, నూటికి ఏడు దాకా భయం లేదు, పది దాటితే డాక్టరు ఆలోచించాలి. మాది ఆరున్నర. తూకం కంటే నాకు నమ్మకం తడి గుడ్డల మీద. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, వారంలోపు రోజుకు ఆరు పైన. ఆపా గోడ క్యాలెండరు మాదిరి డిశ్చార్జి ఫైలు వెనక గీతలు గీసింది. మే నెల నంద్యాల ఎండ. వచ్చిన ప్రతి చుట్టమూ "ఇంత ఎండల్లో బిడ్డకు రెండు చుక్కల నీళ్ళన్నా పొయ్యండి" అన్నవాళ్ళే. తల్లిపాలల్లోనే బిడ్డకు కావాల్సిన నీళ్ళున్నాయి, ఆరు నెలలదాకా ఎంత ఎండకైనా వేరే చుక్క అక్కర్లేదు. తాగాల్సింది తల్లి. మన పథ్యాల్లో ఆ తల్లికే నీళ్ళు తగ్గిస్తారు. మేం ఫ్లాస్కులో యఖ్నీ, పక్కన కూజాలో నీళ్ళు పెట్టి, బిడ్డ తాగిన ప్రతిసారీ తల్లికి ఒక గ్లాసు అని ఖాయిదా పెట్టినాం. ఆ పని దామాద్‌ది.

డబ్బా హరామ్ అని నేననను. బిడ్డకు చక్కెర పడిపోయినప్పుడు, తూకం మరీ తగ్గినప్పుడు, తల్లి ఐసీయూలో ఉన్నప్పుడు డాక్టరు రాస్తే అది మందు. ఇచ్చిన తల్లిని వేలెత్తి చూపడం జులుం. రెండేళ్ళ పాల గురించి చెప్పిన సూరా బఖరా 233వ ఆయత్‌లోనే, బిడ్డ కారణంగా తల్లికి కష్టం కలగగూడదని కూడా ఉంది, ఇంకొకరి చేత పాలిప్పించే అనుమతీ ఉంది. పాలిచ్చే తల్లి తిండీ బట్టా బిడ్డ తండ్రి బాధ్యత అనీ ఉంది. మన జుమా బయానుల్లో రెండేళ్ళ మాట వినబడినంతగా ఈ చివరి మాటలు వినబడవు.

ఆయా రాసిచ్చిన చీటీ సంగతి మాత్రం వేరు. 1992లో మన దేశం ఒక చట్టం చేసింది, 2003లో ఇంకా గట్టి చేసింది. రెండేళ్ళ లోపు పిల్లల డబ్బాపాలకు, సీసాలకు ప్రకటన ఇవ్వడం నేరం. తల్లులకు ఉచిత శాంపిళ్ళు ఇవ్వగూడదు. డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ ఉండగూడదు. అమ్మకం పెంచడానికి కంపెనీలు ఆస్పత్రి సిబ్బందికి కానుకలు ఇవ్వగూడదు. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో పేజీ నిండా సబ్బు ప్రకటన చూశాను, సిమెంటు ప్రకటన చూశాను, పసిపిల్లల డబ్బాపాల ప్రకటన చూడలేదు. దానికి ప్రకటన అవసరం లేదు. రెండో రాత్రి ఏడుపు చాలు, ఒక చీటీ చాలు.

మరుసటి పొద్దున డాక్టరమ్మకు ఆ చీటీ చూపించినాం. ఆమె దాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకుంది, ఏమీ అనలేదు. నాలుగో రోజుకు పాలు పడినాయి, రొమ్ములు రాళ్ళయినాయి, అది ఇంకో కథ. పన్నెండో రోజుకు బిడ్డ పుట్టిన తూకానికి వచ్చేసింది.

మెడికల్ షాపువాడు డబ్బా వాపసు తీసుకోలేదు. ఏడో రోజు అఖీఖాకు బనగానపల్లెలో ఇంటినిండా మనుషులు, పాలు సరిపోక సమ్ధన్ ఆ డబ్బా మూత తీసి చాయ్‌లో కలిపింది. చాయ్ అస్సలు బాగాలేదు. ఒక్కరూ రెండో కప్పు అడగలేదు.